పొలములలో వార్త నడచు త్రోవ యెవరి సొత్తు?

మట్టిలోని తేమను కొలిచి, ఆ కొలతను రేడియో మూలమున సంఘ కార్యాలయమునకు చేర్చు చిన్న పెట్టెలను మన సభ్యుల పొలములలో పాతించవలెనను ప్రతిపాదన యొకటి యిప్పుడు కార్యవర్గము ముందున్నదని సభ్యులెల్లరు నెరుగుదురు. అమ్మవచ్చిన కంపెనీవారు పెట్టెల ధరను, బ్యాటరీల హామీని, మరమ్మతుల గడువును వివరముగనే వ్రాసియిచ్చినారు. ధరను గూర్చి చర్చ బాగుగనే జరిగినది. కాని వారి ఒప్పందపు కాగితములలో కడపటి పుటయందొక షరతు కలదు. పెట్టెల లోపల నడచు ప్రోగ్రాము కంపెనీవారి సొత్తనియు, దానిని తెరచి చూచుటకుగాని, మార్చుటకుగాని, ఇతరుల పెట్టెలతో కలుపుటకుగాని కొన్నవారికి హక్కు లేదనియు దాని భావము. ఆ షరతును గూర్చి యెవరును మాటాడలేదు. మా యభిప్రాయమున ధరకంటె నిదియే పెద్ద సంగతి. ఇట్టి ప్రోగ్రామును ఓపెన్ సోర్సు పద్ధతిని, అనగా వ్రాసిన మూలప్రతిని ఎల్లరును చదువుటకు, వాడుటకు, దిద్దుటకు, దిద్దినదానిని మరల పంచుకొనుటకు వీలుగ బయటపెట్టు పద్ధతిని, పలుదేశములవారు కూడి యిప్పటికే కట్టియున్నారు. మన సంఘము దానినే కోరవలెను. కోరుటయేగాక ఆ పనిలో మన వంతు మనము చేయవలెను. ఇది మా వాదము.

ఈ ప్రోగ్రాములో ముఖ్యమైనది తేమను కొలుచు భాగము కాదు. కొలుచుట తేలిక, కొలిచిన మాటను చేర్చుటయే కష్టము. ఇట్టి పెట్టెలలోని రేడియోలలో పెక్కు 2003 వ సంవత్సరమున 802.15.4 అను సంఖ్యతో వెలువడిన నియమము ననుసరించి పనిచేయును. ఆ నియమము ప్రకారము ఒక్క పర్యాయము పంపదగిన వార్త 127 బైట్లకు మించరాదు. అనగా పోస్టుకార్డుమీద రెండు మూడు పంక్తులని యనుకొనవచ్చును. సెల్‌ఫోనును మనము ప్రతి రాత్రియు చార్జి చేసికొందుము. చేనిగట్టు ప్రక్కనున్న పెట్టెకు చార్జి చేయువారెవరు? ఈ రంగమున చిరకాలము వాడుకలోనుండిన సీసీ 2420 అను రేడియో చిప్పు మాటాడునప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును వాడును. ఊరక చెవియొగ్గి వినుచుండునప్పుడు 18.8 మిల్లీ ఆంపియర్లను వాడును. మాటాడుటకంటె వినుటకే యెక్కువ ఖర్చు! రెండు పెన్సిలు సెల్లులలో 2500 మిల్లీ ఆంపియర్ గంటల సరకున్నదనుకొన్నచో, నిరంతరము వినుచుండు పెట్టెకు అది 133 గంటలు వచ్చును. అనగా ఆరు దినములు నిండవు. అదే పెట్టె నూటికొక వంతు కాలము మేలుకొని తక్కిన కాలము నిద్రించినచో లెక్క ప్రకారము సంవత్సరమున్నర వచ్చును. కావున తక్కువ విద్యుత్తుతో నడుచుట యనగా నిద్రపోవుట. నిద్రించుచుండు వారి చేతులమీదుగ మాటను గట్టుకు చేర్చుట యెట్లు? ఆ ప్రశ్నకు జవాబే మార్గనిర్ణయపు ప్రోగ్రాము.

చెరువు పూడిక తీయునప్పుడు మట్టి తట్టలు చేతులు మారి గట్టునకు చేరుట మన మెల్లరము చూచినదే. పెట్టెల పనియు నట్టిదే. దూరపు చేనిలోని పెట్టె గొంతు కార్యాలయమువరకు వినబడదు. అది ప్రక్క చేనిలోని పెట్టెకు చెప్పును. అది తన ప్రక్కదానికి చెప్పును. ఐతే, ప్రక్కవారిలో నెవరికి చెప్పవలెను? ఇందుకై యేర్పడిన నిబంధనకు ఆర్‌పీఎల్ అని పేరు. ఇంగ్లీషువారు దానిని రిపుల్ అని పలుకుదురు; నీటిలో రాయి వేయగా లేచు అలకు వారి మాట అది. ఈ నిబంధన మన తెలుగు సామెతమీదనే నిలిచియున్నదని చెప్పవచ్చును: నీరు పల్లమెరుగును. కార్యాలయములోనుండు మూలపు పెట్టెను మిక్కిలి పల్లమని యెంచుదురు. దానినుండి యెంత దూరమైన అంత మెరక. ప్రతి పెట్టెయు తన మెరక యెంతయో ఒక సంఖ్యగా ప్రకటించును. వినిన పెట్టె తనకంటె పల్లముననున్నవారిలో మేలైనదానిని తల్లిపెట్టెగా నెంచుకొని, తన వార్తల నన్నిటిని దానికిచ్చును.

ఇచ్చట దూరమనగా గజములు కావు. ఒక మాట చేరుటకు సగటున నెన్నిసార్లు చెప్పవలసివచ్చునో అదియే దూరము. ఇరువది గజములలోనున్న పెట్టె నడుమ పంపుషెడ్డు గోడ యడ్డుపడి మూడుమార్లు పిలిచినగాని పలుకకపోవచ్చును. నూరు గజములలోనిది ఒక్క పిలుపునకే పలుకవచ్చును. అట్టిచో నూరు గజములలోనిదే దగ్గర. మెరక లెక్క తప్పిపోయినచో, ఇది దానికిచ్చును, అది మరల దీనికే యిచ్చును. వార్త గానుగెద్దువలె తిరిగి తిరిగి బ్యాటరీని హరించును. ఇట్టి చుట్టుదిరుగుటను పసిగట్టి త్రెంచుటకై నిబంధనలో ప్రత్యేకమైన యేర్పాటులు కలవు.

ప్రకటనల సంగతియు వినదగినది. ప్రతి పెట్టెయు గడియకొకమారు తన మెరకను చాటుచుండినచో నిద్ర యెక్కడిది? ఇందులకు 2004 లో ట్రికిల్ అను నుపాయమును కనిపెట్టిరి. ఊరు ప్రశాంతముగ నున్నంతకాలము తలారి కేక వేయు నడిమికాలమును రెట్టింపు చేసికొనుచు పోవుటవంటిది. ఆర్‌పీఎల్ నిబంధనలో వేరుగ చెప్పనిచో ఆ నడిమికాలము సెకనులో వెయ్యింట 8 వంతులతో మొదలై, ఇరువదిమార్లు రెట్టింపై, 2 గంటల 20 నిమిషములవరకు పోవును. ఇరుగుపొరుగువారిలో 10 మంది అదే మాటను చెప్పగా వినినచో, తాను చెప్పనక్కరలేదని పెట్టె ఊరకుండును. ఎక్కడైన తేడా కనబడెనా, మరల మొదటి వేగమునకు వచ్చును. నలువదేండ్లు దాటిన మావంటివారికి కూడ ఇది చదువగా ముచ్చట కలిగినది. పొదుపనగా నిట్లుండవలెను.

ఇక చరిత్ర. ఇంటర్నెట్టు నియమములను వ్రాయు ఇంటర్నెట్టు ఇంజనీరింగు టాస్కుఫోర్సు అను సభవారు 2008 లో ఈ పనికై యొక ఉపసంఘమును నియమించిరి. నిబంధన వ్రాయుటకు మునుపు ఎవరి కేమి కావలయునో తెలిసికొనుట మంచిదని తలచి వారు నాలుగు అవసరపత్రములను ప్రకటించిరి. 2009 లో నగరములకొకటి, కర్మాగారములకొకటి. 2010 లో ఇండ్లకొకటి, పెద్ద భవనములకొకటి. పొలములకు లేదు. 2012 మార్చిలో వెలువడిన ఆర్‌పీఎల్ నిబంధన నూటయేబది పుటలకు మించిన గ్రంథము. ఆ పుటలు వ్రాసినవారు మనపై పగబూని పొలమును విడువలేదు. ఆ సభలో చేరుటకు రుసుము లేదు, సభ్యత్వపు చీటి లేదు. వారి పత్రములను ఉచితముగ చదువవచ్చును, అభిప్రాయము నెవరైనను పంపవచ్చును. మనతరపున పోయి, మొక్కజొన్న ఆరడుగులు పెరిగినప్పుడు రేడియో మాట యేమగునో చెప్పినవారు లేకపోయిరి. నేడు నగరములలో కరెంటు మీటర్లకును, వీధి దీపములకును వాడు వైసన్ అను పద్ధతిలో ఆర్‌పీఎల్‌యే నడచుచున్నది. అడిగినవారికి పెట్టిరి.

ఐనను నిబంధన కాగితమే. దానిని పెట్టెలో నడచు ప్రోగ్రాముగ కట్టుట వేరు పని, మరియు పెద్ద పని. స్వీడను దేశములో ఆడమ్ డంకెల్స్ అను నాయన 2003 లో కాంటికి అను చిన్నపెట్టెల ప్రోగ్రామును బహిరంగముగ విడుదల చేసెను. పిమ్మట ఆర్‌పీఎల్‌ను అందులో కట్టిరి. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన టైనీఓఎస్‌లోను కట్టిరి. జర్మనీ, ఫ్రాన్సు దేశములవారు కూడి 2013 లో వెలువరించిన రయట్ అను దానిలోను కలదు. ఇవి నడచిన పెట్టెలు ఎంత చిన్నవనగా, పరిశోధకులు పెక్కేండ్లు వాడిన టెలోస్ బి అను పెట్టెలో ప్రోగ్రాముంచుటకు 48 కిలోబైట్లు, పని నడుపుటకు 10 కిలోబైట్లు మాత్రమే చోటు. మన సెల్‌ఫోనులో తీసిన యొక్క ఛాయాచిత్రము దానికంటె పెక్కురెట్లు పెద్దది. ఆ చోటులో ఇరుగుపొరుగు పెట్టెల పేర్లు ఎన్ని వ్రాసికొనవలెను? పట్టిక నిండినచో ఎవరిని కొట్టివేయవలెను? ఇట్టివానికి నిబంధన గట్టి జవాబు చెప్పదు. కట్టువాడే తేల్చుకొనవలెను. అతడు తప్పు తేల్చినచో నేమగునో తెలిసికొనవలెనన్న, ఆర్‌పీఎల్‌కు ముందటి కాలమునాటి యొక బంగాళదుంపల చేనికి పోవలెను.

2005 లో నెదర్లాండ్సు దేశమున కొందరు పరిశోధకులు ఆకుమాడు తెగులు రాకను ముందుగ తెలిసికొనుటకై బంగాళదుంపల చేనిలో ఇట్టి రేడియో పెట్టెలను నాటిరి. 1845 లో ఐర్లండున కరవు తెచ్చిన తెగులదియే గనుక పని చిన్నది కాదు. వారు చదువుకొన్నవారు, ప్రోగ్రామును బల్లమీద పరీక్షించియే తెచ్చిరి. నాటుటకు ముందు ప్రోగ్రాము ప్రతులలో పొరబాటున నొక అసంపూర్ణ భాగము కలిసి పెట్టెలలోనికి పోయెను. దానిని సరిచేయ కొత్త ప్రతిని పంపగా, పెట్టెలన్నియు ఆ ప్రతిని ఒకదాని కొకటి పంచుకొనుటలోనే నిరంతరము మునిగి, నాలుగు దినములలో బ్యాటరీలను తినివేసెను. మరల బ్యాటరీలు వేసిరి. చేనిలో పెట్టెలు దగ్గరదగ్గరగ నుండుటచే ఒక్కొక్కదానికి 30 వరకు ఇరుగుపొరుగువారుండిరి. త్రోవ నిర్ణయించు భాగమునకు ఒక పట్టిక, రేడియోను నడుపు భాగమునకు వేరొక పట్టిక. రెండును చిన్నవి, రెంటిలోని పేర్లును వేరు. మూలపు పెట్టె ఎదురుగ చక్కగ వినబడుచున్నను పట్టికలో చోటులేక పెక్కు పెట్టెలు దానికి వార్తనీయలేదు. త్రోవ భాగము ఫలానివారికిమ్మనగా, రేడియో భాగము వారెవరో నేనెరుగనని వార్తను పారవేసెను. దీనికితోడు చాల పెట్టెలు రెండునుండి ఆరు గంటలకొకమారు తమంతట తామే ఆగి మరల మొదలగుచుండెను. మూడువారములు 97 పెట్టెలు నడచినవి. చేరిన కొలతలు నూటికి రెండు.

నూటికి రెండు! మా డిమాన్‌స్ట్రేటరు కొలువులో నిట్టి ఫలితము వచ్చినచో ఆ మడిని దున్నించి, రిపోర్టులో వర్షాభావమని వ్రాయు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ హాలండువా రట్లు చేయలేదు. మర్ఫీకి బంగాళదుంపలన్న ప్రీతి యని అర్థము వచ్చు పేరు పెట్టి, జరిగినదంతయు 2006 లో అచ్చువేసిరి. చెడవలసినది చెడియే తీరునను సూత్రమునకు పాశ్చాత్యులు పెట్టిన పేరు మర్ఫీ. ఆ వ్యాసమును చదివిన తరువాతివారు పట్టికల విషయమున జాగ్రత్తపడుటకు వీలు కలిగినది. మేము ఓపెన్ సోర్సును సమర్థించుట చౌకయను కారణమున కాదు. అందు తప్పు దాగదు. మూసిన పెట్టె అమ్మువానికి నూటికి రెండని చెప్పవలసిన పని యేమి? మన పొలములో వార్త రానప్పుడు, తడికి పెట్టె చెడిపోయినదనును, క్రొత్తది కొనుమనును. పట్టికలో చోటు చాలకనే వార్త పోయినదేమో చూతమన్న, కడపటి పుటలోని షరతు మన చేతులను కట్టివేయును.

ఇంకొక సంగతి. 2011 లో కాంటికిలో ఆర్‌పీఎల్‌ను కట్టిన స్వీడనువారును, టైనీఓఎస్‌లో కట్టిన బర్కిలీ, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములవారును తమ పెట్టెలను ఒక్కచో కలిపి పరీక్షించిరి. రెండును ఒకరిమాట నొకరు గ్రహించినవి, నిబంధన నెరవేరినది. కాని ఒకే నిబంధనను ఇద్దరు వేరువేరుగ కట్టుటలోని చిన్న చిన్న తేడాలవలన, కలగలిసిన పెట్టెల పని ఒక్కొక్కప్పుడు మందగించుటయు కనబడినది. మా పెట్టె నిబంధన ప్రకారమే నడచును గనుక దేనితోనైన కలియునని వర్తకుడు చెప్పు మాట ఎంతవరకు చెల్లునో దీనివలన తెలియగలదు. రెండు వైపుల మూలప్రతులును బయటనుండుటచేతనే ఆ తేడాలను వారు వెదకి పట్టగలిగిరి.

కట్టుట యనిన చేర్చుటయే యని తలపరాదు; తీసివేయుటయు కట్టుటయే. ఆర్‌పీఎల్ నిబంధనలో త్రోవలను గుర్తుంచుకొను విధములు రెండు. ఒక విధమున ప్రతి గ్రామ కరణము తన క్రిందివారి చిట్టా తానే వ్రాసికొనినట్లు, ప్రతి పెట్టెయు తన క్రిందనున్న పెట్టెల పేర్లను గుర్తుంచుకొనును. రెండవ విధమున చిట్టా యంతయు తాలూకా కచేరీలోనే యుండినట్లు, మూలపు పెట్టె యొక్కటియే త్రోవలనెల్ల యెరిగి, పంపు వార్తమీద దారిలోని పేర్లన్నిటిని వ్రాసి పంపును. మొదటి విధమున మూలమునకు దగ్గరనున్న చిన్న పెట్టెల పట్టికలు నిండిపోవును. రెండవదానిలో 127 బైట్ల పోస్టుకార్డులో విలాసమే కొంత చోటు తినివేయును. నిబంధన రెంటిని నంగీకరించినందున ప్రోగ్రాములు బరువెక్కినవి. చిన్నపెట్టెలకింత గ్రంథమేలయని 2011 నాటికే నిపుణులలో కొందరు గట్టిగ విమర్శించియుండిరి. 2017 లో కాంటికిపని కొత్తదారి పట్టి కాంటికి ఎన్‌జీ యను పేర వేరుపడినప్పుడు, వారు మొదటి విధమును వదలి, రెండవ విధమును మాత్రమే యుంచి, ఆర్‌పీఎల్ లైట్ అను తేలిక ప్రోగ్రామును కట్టి దానినే వాడుకగ నిలిపిరి. మొక్కలు ఒత్తుగ మొలచినప్పుడు పలుచన చేయుటకు చేయి రాని రైతు కంకిని చూడలేడు. వారు పలుచన చేసిరి. మా చిన్న యభిప్రాయమున ఈ కథలో నన్నిటికంటె మెచ్చదగిన పని యిదియే. మూలపు పెట్టెను మనము పంపుషెడ్డులోనో కార్యాలయములోనో కరెంటు ప్రక్కనే యుంతుము గనుక పెద్ద చిట్టా అక్కడనుండుటయే మనకును మేలు.

మా వాదమునకు అడ్డు చెప్పువారు లేకపోలేదు. లోరా యను రేడియో పద్ధతి యున్నది గదా, ఒక్క పొడవైన స్తంభము నిలిపినచో మైళ్ల దూరమునుండి పెట్టెలన్నియు నేరుగ దానికే చెప్పును, ఈ చేతులు మార్చు బాధ యేల యని కొందరందురు. నిజమే. వాటర్‌ట్యాంకు మీదినుండి ఆయకట్టంతయు కనబడు ఊళ్లలో, దినమునకు రెండుమూడు కొలతలు చాలునన్నచో లోరాయే మేలు. త్రోవ నిర్ణయింపనక్కరలేని చోట త్రోవ ప్రోగ్రాము దండుగ. కాని గుట్టల చాటునను, తోటల చాటునను నున్న భూములకు, వాల్వులను తెరచి మూయుటకు వెంటనే ఆజ్ఞ చేరవలసిన డ్రిప్పు చేలకు అది చాలదు. మన సభ్యుల భూములలో రెండు రకములును కలవు.

ప్రోగ్రామును బయటపెట్టినచో దొంగలకు దారి చూపినట్లగునని వేరొక భయము. తాళము చేయు విధమును కమ్మరులందరు నెరుగుదురు. అందుచే ఇండ్లు దోచబడుట లేదు, తాళపుచెవి మన మొలలో నున్నది గనుక. రేడియో వార్తలను గుప్తలిపిలో మార్చు పద్ధతియు ప్రకటితమైనదే, చెవియే రహస్యము. ఇంతకంటె దీనిని గూర్చి వ్రాయనక్కరలేదు.

మూడవ యాక్షేపణయే బరువైనది. ఎల్లరిదియు నైనది ఎవ్వరిదియు కాదు, చెడినప్పుడు ఎవరి చేయి పట్టుకొందుము? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లగును గదా యని సంఘములో ననుభవజ్ఞులే యడుగుచున్నారు. ఈ మాటను మేము తేలికగ త్రోసివేయము. టైనీఓఎస్ ఒకప్పుడు లోకమెల్ల వాడినది. నేడు దానిలో క్రొత్తపని దాదాపు ఆగిపోయినది. మొదటి కాంటికిని విడిచి పనివారు కాంటికి ఎన్‌జీకి పోయిరి. పెక్కు ఓపెన్ సోర్సు ప్రోగ్రాములు పట్టుమని పదిమంది యోపికమీద నిలిచియున్నవి. వారు విసిగినచో పని నిలుచును. మరామతు లేని చెరువు ఎవరిదైనను గండిపడును. కాని ఆలోచింపుడు: ఉమ్మడి చెరువునకు గండిపడినచో మనము తట్టలు పట్టి పూడ్చుకొనవచ్చును. పరాయివాని గోడలోపలి చెరువునకు గండిపడినచో గోడ బయట నిలిచి చూడవలసినదే. మా యెరుకలోని యొక సంఘమువారు కొన్న వాతావరణపు పెట్టెలు, అమ్మినవారు ఆ వ్యాపారము మానుకొనగానే, బ్యాటరీలు బాగుండియు మూగపోయి గోడనున్నవి. వానిలోని ప్రోగ్రాము ఇట్టిదని యెరిగినవారెవరును ఇప్పుడు లేరు.

కావున ఉచితముగ వచ్చినది గదా యని ఊరకుండుట మా సలహా కాదు. వాడుకొనువారు మరామతు వంతు వేసికొనవలెను. ఆ వంతు రూపాయలలోనే యుండనక్కరలేదు. స్వీడనువారి వద్దను బర్లినువారి వద్దను లేనిది మనవద్ద నొకటి కలదు: పెరుగుచున్న పంట. కాంటికివారు కూజా యను ప్రోగ్రాము కట్టి, నిజమైన పెట్టెలు లేకయే వందల పెట్టెల నడతను బల్లమీద చూచు నేర్పాటు చేసికొనిరి. మంచిదే, కాని బల్లమీద మొక్కజొన్న పెరుగదు. ఆకులోని నీరు రేడియో తరంగమును మ్రింగును. విత్తిననాడు ఒక్క పిలుపునకు పలికిన పెట్టె, కంకి వేయునాటికి నాలుగు పిలుపులకు పలుకకపోవచ్చును. కోతనాటికి మరల పలుకును. మెరక పల్లములు మూడునెలలలో మారు భూమిని త్రోవ ప్రోగ్రాము కట్టువారెందరు చూచియుందురు? మన యనంతపురము జిల్లా సరిహద్దున, కర్ణాటకలోని పావగడ తాలూకా చెన్నకేశవపురమున బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటువారును స్విట్జర్లాండు లోజాను విద్యాలయమువారును కలిసి ఇట్టి తేమపెట్టెలను మెట్టసేద్యమునకై నాటి, ఆ వివరమును 2007 లో ప్రకటించియున్నారు. కావున మెట్టరైతు చేనిలో నిది క్రొత్త వింత కాదు. అట్టి ప్రయత్నములు పదియున్నచోట వేయి యుండవలసినది.

మా ప్రతిపాదన యిది. మన సంఘము మొదట అన్ని పొలములకు పెట్టెలు కొనక, ఒక్క సభ్యుని యెకరము మొక్కజొన్నలో ఒక్క పంటకాలము ఇరువది పెట్టెలతో ఓపెన్ సోర్సు ప్రోగ్రామును నడిపించవలెను. మన దేశమున 865 నుండి 867 మెగాహెర్ట్జుల రేడియో భాగమును 2005 లోనే లైసెన్సు లేకుండ వాడుకొనుట కనుమతించియున్నారు, 2.4 గిగాహెర్ట్జుల భాగమును అట్లే. పైరు పచ్చగ నున్నప్పుడు వీనిలో నేది మేలో ఆ యెకరమే చెప్పును. రిజిస్టరొకటి పెట్టి, దినదినమును ఏ పెట్టె ఎన్ని వార్తలు పంపెను, ఎన్ని చేరెను, నాడు పైరు ఎత్తెంత, వాన కురిసెనా, పెట్టె తల్లిని మార్చుకొనెనా యని వ్రాయించవలెను. ఈ కడపటిది ముఖ్యము. మాటిమాటికి తల్లిని మార్చు పెట్టె నిద్రపోదు. కొంచెము మేలు కనబడగానే మార్చక, తగినంత తేడా యున్నప్పుడే మార్చుమని నిబంధనలలో నున్నది గాని, ఆ తగినంత యెంతయో మన పంటకు మనమే తేల్చవలెను. రిజిస్టరులోని అంకెలను, నూటికి రెండే వచ్చినను సరే, అచ్చువేయించి ఆ ప్రోగ్రాము పనివారికి పంపవలెను. మూలప్రతిని చదువగల పిల్లలు మన సభ్యుల యిండ్లలోనే కలరు. హైదరాబాదునను బెంగుళూరునను కంప్యూటరు కొలువులలో నున్న మన కొమరులును కొమార్తెలును ఎందరు! పండుగకు వచ్చినప్పుడు వారిచేత ఆ పట్టికల భాగమును చదివించినచో వారికిని సంతోషమే.

కంపెనీవారితో బేరము చెడగొట్టవలెనని మా తలంపు కాదు. పెట్టెలు వారే చేయుదురుగాక, లాభము వారు పొందుదురుగాక. కాని కడపటి పుటలోని షరతును కొట్టివేసి, త్రోవ ప్రోగ్రాము మూలప్రతిని సంఘమునకు ఒప్పగింపవలెననియు, అది ప్రకటిత నిబంధనను అనుసరించవలెననియు, దానిని మార్చి వేరు ప్రోగ్రామును పెట్టెలో నింపుకొను హక్కు కొన్నవారికుండవలెననియు, వారు వ్యాపారము మానుకొన్నను గుప్తలిపి చెవులు మనవద్దనే యుండవలెననియు వ్రాయించవలెను. ఇందుల కొప్పుకొను అమ్మకపుదారులు దొరకరని యొకరు మాతో ననిరి. ఒక్క రైతు అడిగినచో దొరకరు. సంఘము అడిగినచో సంగతి వేరు.

పై షరతుల చిత్తుప్రతి సంఘ కార్యాలయమున గుమాస్తాగారి వద్ద నున్నది. మొక్కజొన్న విత్తుటకు మునుపే ఆ యెకరములో పెట్టెలు పాతవలసియున్నది గావున, సర్వసభ్య సమావేశమునకు వచ్చు సభ్యులు దానిని ముందుగనే చదివి రావలెననియు, తమ చేనిలో నొక యెకరము ఈ పనికి ఇవ్వదలచినవారు పంపుషెడ్డు కరెంటు యెన్నిగంటలుండునో కూడ వ్రాసి పేరు నమోదు చేయించుకొనవలెననియు కోరుచున్నాము.